ఆటకూలి

కూర్మయ్యకి దొర కూలి ఇచ్చింది కొబ్బరికాయలు మోసినందుకు కాదు, రెండు కర్రల మధ్య నిలబడినందుకు. మిగతా కూలీలంతా తెల్లవారకముందే హాజరు వేయించుకుని, కత్తులూ పారలూ పట్టుకుని కాలవగట్ల వెంట పోతుంటే, ఇతగాడు హాకీ కర్ర భుజాన వేసుకుని మైదానానికి పోయేవాడు. సాయంత్రం పేర్లు చదివేటప్పుడు మాత్రం అందరితో పాటు అతనికీ నిండు రోజు కూలి పడేది. చూసేవాళ్ళకి కడుపు మండదా? మండింది. మండి, అతనికి "ఆటకూలి" అని పేరు పెట్టారు. ఆ పేరుకి అతనికి కోపం రాలేదు సరికదా, లోలోపల గర్వంగా కూడా ఉండేది.

వాళ్ళది శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు పల్లె. కూలీలను పోగుచేసి ఓడెక్కించి, తరవాత వాళ్ళమీదే పెత్తనం చేసే మేస్త్రీని మలయా తోటల్లో కంగాణి అంటారు. తాతబాబు అనే కంగాణి నలభైమందిని మలయాకి తెచ్చినప్పుడు కూర్మయ్యకి ఏడేళ్ళు. వచ్చిన రెండో ఏడే తండ్రి చలిజ్వరంతో పోయాడు. తల్లి మరిడమ్మ కొబ్బరిపీచు కొట్టి కొడుకుని పెంచింది. తెలుక్ ఆన్సన్ పట్నానికి పాతిక మైళ్ళ దూరాన, నది సముద్రంలో కలిసే బురదనేలలో ఉంది వాళ్ళ తోట. రబ్బరు తోట కాదు, కొబ్బరి తోట. చెట్ల మధ్య కాలవలు, కాలవల్లో కాయల పడవలు.

పడవలోంచి గట్టుమీదికి కాయలు విసురుతుంటే అవి అవతలి వాలులో దొర్లుకుంటూ దిగుతాయి. కింద ఒకడు నిలబడి వాటిని ఆపి, మంచికాయని కుడివైపు కుప్పకి, మొలకొచ్చినదాన్ని ఎడమవైపుకి చేర్చాలి. అందరూ వంగి చేత్తో ఎత్తేవాళ్ళు. మధ్యాహ్నానికి నడుములు పడిపోయేవి. కూర్మయ్య వంగేవాడు కాదు. వచ్చిన కాయని పాదంతో ఆపి, ఆ పాదంతోనే అటో ఇటో తోసేవాడు. ఒకేసారి మూడు దొర్లినా ఒక్కటీ దాటనిచ్చేవాడు కాదు. అతనికి ఇరవై ఏళ్ళప్పుడు, దొర ఓ పొద్దున సైకిలు దిగి, ఎండలో అరగంటసేపు నిలబడి ఈ వింత చూశాడు.

దొరకి హాకీ పిచ్చి. చుట్టుపక్కల తోటల దొరలంతా కలిసి ఏటా ఒక వెండికప్పుకి పోటీ పెట్టుకునేవాళ్ళు. ఆడేది గుమాస్తాలూ, పంజాబీ కాపలావాళ్ళూ, ఒకరిద్దరు దొరలూ. మన దొర జట్టులో గోలు కాచే గుమాస్తా అంతకుముందు వారమే మూడు పళ్ళు రాలగొట్టించుకుని, ఆటకో దండం పెట్టి పోయాడు. ఆ ఖాళీలోకి కూర్మయ్య వచ్చాడు. కాళ్ళకి బూట్లు ఇస్తే వద్దన్నాడు. మరిడమ్మ గోనెగుడ్డలో పీచు దట్టంగా కూరి, దబ్బనంతో కుట్టి, రెండు కాళ్ళకీ రెండు తొడుగులు చేసి ఇచ్చింది. ఒక్కో తొడుగుకి నాలుగేసి పీచుతాళ్ళు. అవి కట్టుకుని గోలు ముందు నిలబడితే మొదటి ఏడాది చూసినవాళ్ళంతా నవ్వారు. రెండో ఏడాది ఎవరూ నవ్వలేదు.

ఎనిమిదేళ్ళు ఆడాడు. ఆ ఎనిమిదేళ్ళలో దొర ఇంట్లోకి అయిదు కప్పులు వచ్చాయి. కూర్మయ్య ఎడమచేతి వేళ్ళు రెండు వంకరపోయాయి, కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. పక్క తోటల దొరలు అతన్ని అడిగి తీసుకెళ్ళి, ఆడించుకుని, గొడుగు తిరిగి ఇచ్చినట్టు తిరిగి ఇచ్చేవాళ్ళు. ఒకసారి కౌలాలంపూర్ దాకా రైల్లో తీసుకెళ్ళారు. ఆడినందుకు కూలేమిటని ఎకసెక్కాలాడేవాళ్ళని పట్టుకొచ్చి, రాయిలాంటి ఆ బంతిని ఒక్కసారి మోకాలి చిప్పమీద తినిపించాలి. అప్పుడు తెలుస్తుంది కూలి ఎందుకో.

ఒకసారి అతని తల్లే అడిగింది, అంత వేగంగా వచ్చేదాన్ని ఎలా చూస్తావని.

"నాను సూడనే అమ్మా. అది వచ్చీసరికి కాలు అక్కడుంటాది," అన్నాడు కూర్మయ్య.

పెళ్ళాం ఎర్రమ్మ మాత్రం అతని ఆట ఎన్నడూ చూడలేదు. దెబ్బ తగిలితే చూడలేనని వెళ్ళేది కాదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమెకి రెండు కడుపులు నిలవకుండా పోయాయి. మూడోది నిలిచింది. నెలలు నిండుతుంటే కూర్మయ్య మనిషి మారిపోయాడు. ఆమె నీళ్ళ బిందె ఎత్తబోతే పరుగెత్తుకెళ్ళి లాక్కునేవాడు. మగవాడు నీళ్ళు మోయడమేమిటని చుట్టుపక్కల ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నా అతనికి పట్టలేదు. ఆ బిడ్డమీద అంత ఆశ పెట్టుకున్నాడు.

సరిగ్గా కప్పు ఆఖరి ఆట ఉన్న వారంలో, గురువారం పొద్దున ఎర్రమ్మకి నొప్పులు మొదలయ్యాయి. గురువారం గడిచింది, శుక్రవారమూ గడిచింది. శనివారం తెల్లవారేసరికి మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక తన చేతిలో లేదనీ చెప్పేసింది.

మరిడమ్మ కొంగు నడుముకి దోపుకుని తనకి తెలిసిన వైద్యం తను మొదలుపెట్టింది. ప్రసవం కష్టమైతే ఇంట్లో ఏదీ మూసి ఉండకూడదు, ఏదీ కట్టి ఉండకూడదు. కడుపు కూడా వాటిని చూసి ముడుచుకుంటుందని వాళ్ళ నమ్మకం. ట్రంకుపెట్టె మూత తీసింది. ఉప్పుడబ్బా, బియ్యం డబ్బా మూతలు తీసింది. కోడలి జడ విప్పింది. బట్టల తాడు విప్పి నేలమీద పడేసింది, గుంజకి కట్టిన మేకని వదిలేసింది. ఒకే కప్పు కింద వరసగా పన్నెండు గదులున్న ఆ కూలీల ఇళ్ళలో, అడగకుండానే అందరూ తలుపులు బార్లా తెరిచారు. తగవులు పడి ఏడాదిగా మాటల్లేనివాళ్ళు కూడా తెరిచారు.

కూర్మయ్య గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"గుమ్మంలో నిలబడకు నాయినా. అడ్డం లెగు," అంది మరిడమ్మ.

అతను పక్కకి తప్పుకున్నాడు. తప్పుకుని ఎక్కడికి పోవాలో తెలియక, సరాసరి దొర బంగళాకి పరుగెత్తాడు. ఆసుపత్రి ఉన్నది తెలుక్ ఆన్సన్‌లో. మంగళవారం లాంచి వచ్చి పోయింది, మళ్ళీ మంగళవారం దాకా రాదు. ఎడ్లబండి అయితే రోజంతా పడుతుంది, ఆ కుదుపులకి మనిషి దక్కదు. ఉన్నదల్లా దొర మోటారు కారు ఒక్కటే.

దొర వరండాలో కూర్చుని కర్రకి నూనె రాసుకుంటున్నాడు. కూర్మయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. దొర చెడ్డవాడేమీ కాదు, అది ఒప్పుకోవాలి. అంతా విన్నాడు, నిజంగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ తరవాత గడియారం చూసుకున్నాడు.

"ఆట నాలుగు గంటలకి. అయిదున్నరకి అయిపోతుంది. అవగానే కారు నేరుగా మీ ఇంటికి వస్తుంది. నా మాట," అన్నాడు, తోటల్లో దొరలు మాట్లాడే తమిళంలో.

కారు ఇప్పుడే ఇస్తే గోలు కాచేవాడు కూడా కారెక్కి పోతాడని దొర భయం. ఆ భయం పైకి చెప్పలేదు. చెప్పకపోయినా కూర్మయ్యకి అర్థమైంది. అర్థమై ఏం లాభం? ఆడకపోతే కారు లేదు, ఆడితే సాయంత్రం దాకా లేదు. దొర మాటమీద నమ్మకం పెట్టుకోవడం తప్ప అతని చేతిలో ఇంకేమీ లేకపోయింది.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. లోపల ఎర్రమ్మ మూలుగు అరుపు కూడా కాలేనంత నీరసంగా వినిపిస్తోంది.

"ఇక్కడ అన్నీ ఇప్పేసినాను. నువ్వక్కడ కాళ్ళకి ఎనిమిది ముళ్ళేసుకుని, దారికి అడ్డం నిలబడతావేటి?" అంది మరిడమ్మ.

"ఆడకపోతే కారు రాదే అమ్మా."

"అయితే ముళ్ళు ఎయ్యకు. అయి ఇక్కడ ఒగ్గేసి ఎల్లు. ఇనేవా? ఒక్కటేనా లోపలికి పోనీ నాయినా. వచ్చినదాన్ని ఒగ్గేయ్. అదీ దారి సూసుకుని వస్తాది."

అదీ అంటే బిడ్డ. కూర్మయ్య తల ఊపాడు. పీచు తొడుగులు గోడవార పెట్టేశాడు. నడుముకున్న మొలతాడు కూడా తెంపి పారేసి, ఆట నిక్కరు జారకుండా చేత్తో పట్టుకుని నడిచాడు. దారిలో ఎవరో పిన్నీసు ఇస్తే పెట్టుకున్నాడు.

ఆట పక్క తోట మైదానంలో. వాళ్ళ ఇళ్ళకి నాలుగు మైళ్ళు, పట్నం వైపు. డ్రైవరు యూసోఫ్ కారుని మైదానం పక్కనే నీడలో పెట్టాడు. కూర్మయ్య గోలు ముందు నిలబడితే కారు ముందుభాగం కనిపిస్తూనే ఉంది. ఉత్త కాళ్ళతో వచ్చిన అతన్ని చూసి కంగాణి తాతబాబు నోరు వెళ్ళబెట్టాడు.

"ఏట్రా ఇది? తొడుగులేవి?"

"ఇయ్యేళ ఒద్దు కంగాణీ."

దొర అది చూసి, అవతలి జట్టుని బెదరగొట్టడానికి వేసిన ఎత్తు అనుకుని మురిసిపోయాడు. పక్క దొరలకి వేలెత్తి చూపించాడు కూడా. మనిషి తల్లి మాట కోసం కాళ్ళు బలిపెట్టుకుని వచ్చాడని ఆ మైదానంలో ఒక్కడికీ తెలియదు.

ఈల వేశారు. మొదటి బంతి వచ్చింది. వదిలేద్దామనే నిలబడ్డాడు కూర్మయ్య. ఇంకా గంటకు పైగా ఆట ఉంది, ఒకటి పోయినా తన జట్టు తిరిగి కొట్టుకుంటుంది, దొర కూడా మన్నిస్తాడు, తల్లి మాటా చెల్లుతుంది. ఇంత లెక్క వేసుకున్నాడు. బంతి వచ్చింది, కాలు వెళ్ళింది, బంతి ఆగింది. ఉత్త పాదం తిమ్మిరెక్కింది. రెండోది అంతే. మూడోదాన్ని వదలాలని పళ్ళు బిగించి, రెండు పాదాలూ గడ్డిలో నొక్కిపెట్టి నిలబడ్డాడు. మోకాలు దానంతటదే వంగి అడ్డం పడింది. జనం కేకలు వేశారు. కూర్మయ్యకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన కాళ్ళు, ఒక్కరోజు మాట వినమంటే వినడం లేదు.

రెండో సగంలో వాళ్ళ జట్టు ఒక గోలు కొట్టింది. ఇక అక్కడినుంచి అతని అవస్థ చెప్పనలవి కాదు. అవతలివాళ్ళు ఒకటి కొట్టి సమం చేస్తే ఇంకో అరగంట ఆడాలి, అది నిబంధన. ఆ అరగంట కారు ఇక్కడే ఉంటుంది. ఆపితే ఆట అయిపోతుంది, కారు బయలుదేరుతుంది. కానీ ఆపితే అక్కడ బిడ్డకి దారి మూసుకుపోతుంది. ఆపినా ఎర్రమ్మకే ముప్పు, వదిలినా ఎర్రమ్మకే ముప్పు. కారు వైపు చూశాడు. యూసోఫ్ బానెట్ మీద మోచేతులు ఆనించి ఆట చూస్తున్నాడు.

ఆఖరి నిమిషాల్లో అవతలి జట్టు పంజాబీ ఒకడు బంతిని తోసుకుంటూ ఒంటరిగా వచ్చేశాడు. ఆరడుగుల మనిషి. అడ్డం ఎవరూ లేరు. కూర్మయ్య ఆ క్షణంలో తేల్చుకున్నాడు. కారు అరగంట ఆలస్యమైతే అవనీ, అమ్మ మాట అమ్మ మాటే. పక్కకి తప్పుకున్నాడు కూడా. నిజంగా తప్పుకున్నాడు, చూసినవాళ్ళు తరవాత అదే చెప్పుకున్నారు, గోలు సగం తెరిచి ఇచ్చాడని. కానీ ఎడమకాలు ఒక్కటి వెనక ఉండిపోయింది. బంతి దానికి తగిలి పక్కకి పోయింది. బంతి వెనకే పంజాబీ తిప్పిన కర్ర వచ్చి అదే కాలి ఎముకమీద పడింది.

చప్పుడు కారు దగ్గరికి కూడా వినిపించిందట. ఆ వెంటనే ఈల. కప్పు గెలిచామని తాతబాబు చిందులు తొక్కుతూ వచ్చి కూర్మయ్యని భుజానికి ఎత్తుకోబోయి, కాలు చూసి ఆగిపోయాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది.

"కారు పంపండి దొరా, ఎర్రమ్మకి," అన్నాడు కూర్మయ్య. అతను అన్న మొదటి మాట అదే.

దొర మోకాళ్ళమీద కూర్చుని రక్తం చూశాడు. తన మెడగుడ్డ తీసి తనే తొడ దగ్గర బిగించాడు. నలుగురు పట్టి కారు వెనక సీటులో అతన్ని పడుకోబెట్టారు. కాలు చాపితే సీటంతా నిండిపోయింది. ఇంకో మనిషిని పడుకోబెట్టడానికి చోటు లేదు.

"నన్ను దింపీండి. ముందల ఎర్రమ్మని తేండి. నానిక్కడే ఉంటాను, గడ్డిలో ఉంటాను," అని మొత్తుకున్నాడు కూర్మయ్య.

"రక్తం కారి చచ్చిపోతావు. ముందు నిన్ను దింపి, కారు వెంటనే వెనక్కి పంపుతాను. నా మాట," అన్నాడు దొర.

"ఆడోళ్ళు మన ఇళ్ళల్లో నెలకొకత్తె కంటన్నాది. కాలు పోతే మళ్ళీ వస్తాదేట్రా?" అన్నాడు తాతబాబు. పొద్దుట మంత్రసాని ఏమన్నదో అతనికీ తెలుసు. తెలిసే అన్నాడు.

కారు కదిలింది. నాలుగు మైళ్ళు వెనక్కి పోతే ఇల్లు, ఇరవై ఒక్క మైళ్ళు ముందుకి పోతే ఆసుపత్రి. కూర్మయ్య సీటుమీద పడుకునే తల వెనక్కి వాల్చి, ఇంటిదారి దూరమైపోవడం చూశాడు. లేచి దూకుదామంటే కాలు లేవలేదు. యూసోఫ్ చక్రం తిప్పుతూ, "సబార్‌లా, కూర్మయ్య, సబార్‌లా," ఓర్చుకో ఓర్చుకో అంటూ కారుని ఎంత పరుగెత్తించాలో అంతా పరుగెత్తించాడు. పాపం, అతను చేయగలిగింది అతను చేశాడు.

దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రి చేరారు. కారు వెంటనే వెనక్కి తిరిగింది, దొర మాట తప్పలేదు. కాలు సరిచేసి, చెక్కలు పెట్టి, గుడ్డ చుట్టి ముడులు వేస్తుంటే కూర్మయ్య కంపౌండరు చేయి పట్టుకున్నాడు.

"కట్టకండి బావూ. మా ఇంటిది నొప్పులు పడతన్నాది. ముడెయ్యకండి."

"కంటున్నది ఆమెనా, నువ్వా?" అన్నాడు కంపౌండరు. కట్టు కట్టి అవతలి మంచం దగ్గరికి వెళ్ళాడు.

అతను అటు తిరగగానే కూర్మయ్య లేచి కూర్చుని ముడులు విప్పేశాడు. మళ్ళీ కట్టారు, మళ్ళీ విప్పాడు. రక్తం మంచం నిండా అయింది. ఇలా అయితే కాలు తీసేయాల్సి వస్తుందని చెప్పి, ఇద్దరు మనుషులు వచ్చి అతని రెండు చేతులూ మంచం కోళ్ళకి కట్టేశారు. దూరాన కారు చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి అలాగే పడి ఉన్నాడు. కారు రాలేదు.

ఆ ఎముక తరవాత వంకరగా అతుక్కుంది. కూర్మయ్య మళ్ళీ కర్ర పట్టలేదు. వచ్చే ఏడాదికి దొర ఇంకొకణ్ణి వెతుక్కున్నాడు. కూర్మయ్య బతికినంతకాలం కుంటుతూ పీచు గిడ్డంగిలో కూర్చుని తాళ్ళు పేనాడు.

ఆట మర్నాడు పొద్దున్నే దొర ఆసుపత్రికి వచ్చాడు. చేతులకి కట్లు చూసి, కోప్పడి విప్పించాడు. బిస్కెట్ల డబ్బా మంచం మీద పెట్టాడు. ఎర్రమ్మ ఎలా ఉందని కూర్మయ్య అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. మూడువందల మంది కూలీలని గీసిన గీత దాటనివ్వని మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. కాలు బాగా చూసుకోమని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మరిడమ్మ వచ్చింది. పెద్ద రోడ్డు దాకా నడిచి, అటుగా పోతున్న పెండలం బస్తాల లారీ ఏదో దొరికితే ఎక్కి వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడి ఆరలేదు, ముడి వేసుకోలేదు. ఆ తల చూడగానే కూర్మయ్యకి అంతా తెలిసిపోయింది. అయినా ఆమె నోటితో చెప్పేదాకా ఎదురుచూశాడు.

"తల్లీ పిల్లా ఇద్దరూ ఎలిపోనారు నాయినా," అంది మరిడమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంటూ. "కారు వచ్చీసరికే అయిపోనాది. ఆడపిల్ల."

తల్లి అడగకపోయినా కూర్మయ్య తనే చెప్పాడు.

"నాను తప్పుకున్నానే అమ్మా. ఒగ్గేద్దారనే తప్పుకున్నాను. కాలు ఆపేసినాది."

ఆమె చేయి చాపి, కట్టు కట్టిన కాలిమీద పెట్టింది. తిట్టలేదు. తిట్టినా అతనికి కొంత తేలికయ్యేదేమో.

"ఎర్రమ్మ ఏటేనా అన్నాదా?" అని అడిగాడు.

"ఇంకేటీ అనలేదు నాయినా. ఆట అయిపోనాదా, ఆట అయిపోనాదా అని అడుగుతానే ఉన్నాది."

"నువ్వేటన్నావు?"

"అయిపోనాది, మావ కారులో బయల్దేరినాడు అన్నాను," అంది మరిడమ్మ. "నువ్వు కారెక్కినావని నాకేటి తెలుసు నాయినా. ఊరికే అన్నాను."